అమ్మతో కలిపి కొలిచిన పడవ

మా బావ రోడ్ల ఆఫీసులో నక్షలు గీసేవాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు, ఎవరో తెల్లదొర ఊరు వదిలి పోతూ అమ్మేసిన తెరచాప పడవను కొని, ఎడ్లబండి మీద పంజగుట్ట మీదుగా అమీర్‌పేటలోని మా ఇంటికి తెచ్చాడు. అందులో చిన్న గది సైతం ఉండేది. ఊపిరి బిగబట్టుకుంటే ఇద్దరు పడుకోవచ్చు.

అమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, "గిది పడవనా, అల్మారనా?" అంది.

హుస్సేన్‌సాగర్‌లో ఏటా పడవల పందెం జరిగేది. ఒక్కో పడవ ఒక్కో తీరు. అందుకని పందేనికి ముందు ఒక పెద్దమనిషి ప్రతి పడవనూ కొలిచి, నిదానంగా నడిచే వాటికి కొన్ని నిమిషాల వెసులుబాటు ఇచ్చేవారు. పందెంలో పట్టిన సమయంలోంచి ఆ నిమిషాలు తీసేసి, గెలుపు తేల్చేవారు. ఆ పెద్దమనిషి కోస్తా నుంచి వచ్చి పంజగుట్టలో స్థిరపడిన రిటైర్డు ఇంజనీరు.

"పడవ ఎంత బరువుంటే మనకు గంత లాభం," అని బావ కొలతల రోజున రుబ్బురోలు, కుంపటి, బియ్యం బస్తా, ఇనప మంచం ఎక్కించాడు. అదీ చాలలేదు.

"అత్తమ్మా, జర ఎక్కి కూసో. పడవ ఒడ్డుకాడికెల్లి కదలదు," అని అమ్మను బతిమాలాడు.

అమ్మ దిట్టమైన మనిషి. ఆమె కూర్చోగానే పడవ మూలిగి కిందికి దిగింది. పడవ అంచుకూ నీళ్లకూ మధ్య జానెడు కూడా మిగల్లేదు. ఇంజనీరుగారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏంటండీ ఇది, పడవా, సంసారమా?"

"మేం ఎప్పుడూ గిట్లనే తిరుగుతం సార్," అన్నాడు బావ.

అందరికన్నా ఎక్కువ వెసులుబాటు మాకే దక్కింది.

పందెం రోజు పొద్దున బావ, నేను ఖాళీ పడవతో తయారయ్యాం. ఇంజనీరుగారు ఆపేశారు.

"రోలు ఏదండీ? పెద్దావిడగారేరి? ఎలా కొలిచామో అలాగే నడపాలి."

బావ జట్కాలో ఇంటికి పరుగెత్తాడు. సామానంతటితో, మండిపడుతున్న అమ్మతో తిరిగొచ్చాడు.

"నన్ను రోలు పక్కకు లెక్కగడ్తవా?" అంటూనే ఆమె ఎక్కింది. ఆదివారం ఆదివారం చర్చికి వస్తానని దారిలోనే బావ దగ్గర మాట తీసుకుందట.

పడవ కదలగానే అమ్మ కళ్లు మూసుకుని గొంతెత్తి కీర్తన అందుకుంది. మిగతా పడవలు మమ్మల్ని దాటి ఎప్పుడో ముందుకు పోయాయి. సరిగ్గా అప్పుడే గాలి లేచింది. తేలికపాటి పడవలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగి బోర్లా పడ్డాయి. మాది మాత్రం గోడలా నిటారుగా నిలబడి నడిచింది. నీళ్లలో పడ్డవాళ్లు ఈదుకుంటూ వచ్చి మా అంచు పట్టుకున్నారు. నేనూ బావా ఒక్కొక్కరినీ పైకి లాగాం.

"బస్తా తడుస్తది, గటు జరుగుండ్రి!" అని అమ్మ వాళ్లను గదిమింది.

అలా ప్రత్యర్థులందరినీ ఎక్కించుకుని మా పడవ ఒక్కటే గమ్యం చేరింది. వెసులుబాటుతో పనే పడలేదు. అయినా ఇంజనీరుగారు తల గోక్కుంటూ, "దారిలో బరువు పెరిగింది కదండీ, ఇంకో నాలుగు నిమిషాలు ఇవ్వాలేమో," అన్నారు.

మరుసటి ఏడు పందెం దగ్గరపడుతుండగా, ఓడిపోయిన వాళ్లలో ఇద్దరు అరటిపళ్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"అమ్మా, గీసారి మా పడవ ఎక్కుతవా?"

అమ్మ పళ్లు అందుకుని తాపీగా అడిగింది. "మీ ఇద్దరిల ఎవరి పడవల నీడ ఉన్నది?"