యూసుఫ్ ఫైలుకు నేను పెట్టిన ఎసరు

ఒక్క మీట నొక్కి ఒక పెళ్లికి అడ్డం పడబోయిన మొనగాణ్ణి నేను. ఎందుకంటారా? అసూయ. దాచడమెందుకు, ఒళ్లంతా అసూయే.

తొంభైల చివర్లో భువనగిరి బస్టాండు దగ్గర శుభలేఖలు కంపోజ్ చేసే దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అందులో తెలుగు నాది, ఉర్దూ యూసుఫ్‌ది. మా సేటుకు మాత్రం పొద్దున లేస్తే యూసుఫే. "యూసుఫ్ చెయ్యి పడితే చాలు, మిషన్ మాట వింటది" అనేవాడు. నా చెయ్యేమన్నా చీపురు పట్టడానికి పుట్టిందా?

ఒకనాడు నా తెలుగు సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఫ్లాపీలు వచ్చాయి. యూసుఫ్ నమాజుకు వెళ్లాడు. నేనే ఎక్కిస్తే సేటు నోట ఒక్కసారైనా నా పేరు వస్తుందని మొదలుపెట్టాను. మూడో ఫ్లాపీ దగ్గర తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఈ పేరుతో ఇంతకంటే కొత్త ఫైలు ఇప్పటికే ఉంది, దాన్నే ఉంచమంటారా అని. అక్షరాలు చూపడానికి తెలుగూ ఉర్దూ రెండూ వాడుకునే ఫైలు అది. ఆ కొత్తది ఎవరు తెచ్చారో నాకు తెలుసు. నెల కిందట యూసుఫ్ ఎక్కించిన ఉర్దూతో వచ్చింది. అంటే ఇక్కడ కూడా యూసుఫ్‌దే గొప్పా? పళ్లు కొరుకుతూ "వద్దు" నొక్కాను. యూసుఫ్ కొత్త ఫైలు పోయి, దాని జాగాలో నా ఫ్లాపీలోని పాతది కూర్చుంది.

తెలుగు ముత్యాల్లా వచ్చింది. ఉర్దూ అసలు తెరుచుకోనే లేదు.

సరిగ్గా అప్పుడే ఖాదర్ చాచా వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "బిడ్డ షాదీది ఉర్దూ కార్డు తయారైందా? నాలుగు గంటల బస్సుకు పట్నం తీస్కపోయి అచ్చుకియ్యాలె. ఇయ్యాల పోకుంటే షాదీ అయినంకనే కార్డులొస్తయి."

"అయితాంది చాచా, జర ఆగు." అరగంటలో ఈ మాట ఏడుసార్లు అన్నాను.

సేటు నోట నా పేరు రానే వచ్చింది. "ఏం చేసినవ్‌రా అంజయ్యా?"

"నేనేం చేస్తా సేటూ, గా ఉర్దూ దానికే నఖరాలెక్కువ!"

ఇంతలో యూసుఫ్ వచ్చాడు. తెర చూశాడు, నన్ను చూశాడు.

"అడిగిందా?"

"అడిగింది."

"వద్దన్నవా?"

"అన్న."

తిట్టినా బాగుండేది. నవ్వాడు. నా కడుపు ఇంకా మండింది. సొరుగులోంచి ఒక ఫ్లాపీ తీసి కొత్త ఫైలును దాని జాగాలో పెట్టాడు. పాతదాన్ని విడిగా నా తెలుగు ఫోల్డర్‌లో పెట్టాడు. "ఒక్క పొయ్యి మీద ఇద్దరు తోడికోడళ్లు వండితే లొల్లే గద అంజన్నా. ఇగ ఎవరి పొయ్యి వాళ్లది." రెండూ తెరుచుకున్నాయి. చాచా కార్డు పట్టుకుని బస్సుకు పరుగెత్తాడు.

అప్పుడు చూశాను ఆ ఫ్లాపీ మీది కాగితం. నెల కిందటి తేదీ వేసి యూసుఫ్ తెలుగులో రాసి పెట్టాడు: "అంజన్న వద్దు అన్నంక వాడాలె." తెలుగు చేతిరాత కూడా నా రాత కంటే బాగుంది.

ఆ పూటే కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. ఈ జన్మలో ఏ కంప్యూటరు "ఉంచమంటారా" అని అడిగినా, అది ఎవరిదని చూడను. ఉంచమనే అంటాను. యూసుఫ్‌దైనా సరే.