ఇయ్యాల్టి మందం

మా అత్తమ్మ దేవుణ్ణి పెద్ద కోరికలు కోరగా నేనెప్పుడూ వినలేదు. పొద్దున స్నానం చేసి, వంటింటి గూట్లో ఉన్న వెంకటేశ్వరస్వామి పటం ముందు దీపం పెట్టి, పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడేది. "ఇయ్యాల్టి మందం ఇయ్యి స్వామీ. రేపొచ్చి మల్ల అడుగుత" అనేది. మందం అంటే మా దగ్గర సరిపడినంత అని. పెళ్లయి తొండుపల్లికి వచ్చిన కొత్తలో ఆ మాటకు నాకు నవ్వొచ్చేది. అడిగేదేదో నెలకు సరిపడా ఒకేసారి అడగొచ్చు కదా అనుకునేదాన్ని. పప్పు డబ్బా సగానికి దిగితే నిద్రపట్టని మనిషిని నేను.

మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర కిరాయి కారు నడిపేవాడు. ఒక ఎండాకాలం చివర ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. లేచి నిలబడితే తూలిపోయేవాడు. రెండు నెలలు స్టీరింగు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. కారు యజమాని కొన్నాళ్లు ఆగి, కారు ఇంకొకరికి ఇచ్చేశాడు. యజమానినీ తప్పుపట్టలేం, ఆగిన కారు ఎవరికి తిండి పెడుతుంది? మా పొలం ఎప్పుడో ప్లాట్లయింది. ఆ వచ్చిన డబ్బు మామయ్య చివరి రోజుల దవాఖాన ఖర్చుకే సరిపోయింది. అత్తమ్మ, మా ఆయన, నేను, ఒకటో తరగతి చదివే మా పాప మిగిలాం. తలదాచుకోను సొంత ఇల్లుంది, అంతే.

ఆషాఢంలో ఒక పొద్దున రేషన్ బియ్యం నిండుకున్నాయి. నాలుగు రొట్టెలకు సరిపడే జొన్నపిండి మాత్రం ఉంది. అత్తమ్మకు చెప్పాను. ఆమె ఎప్పటిలాగే దీపం పెట్టి, ఎప్పటి మాటే అని, కొంగు దోపుకుని "పా బిడ్డా, కూర తెద్దాం" అంది.

ఊరి చివర ఇంకా ఇళ్లు కట్టని ప్లాట్లలో తొలి వానలకు గునుగాకు, చెంచలికూర గుబురుగా లేచాయి. హద్దురాళ్ల మధ్య వంగి ఇద్దరం లేత చిగుళ్లు గిల్లుతున్నాం. ఆ చేను ఒకప్పుడు ఆమె జొన్న కోసిందేనట. ఆ సంగతి ఆమె దుఃఖంగా చెప్పలేదు. నేల తన పని తాను చేస్తూనే ఉందని మురిసిపోతూ చెప్పింది. నేను కొంగు నిండా కోస్తుంటే మాత్రం ఆపింది. రేపటికి వాడిపోతుంది, రేపు మళ్లీ వద్దామంది.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన ఒక డ్రైవరు కారు ఆపుకుని బేరం కోసం ఎదురుచూస్తున్నాడు. అత్తమ్మ కొంగులోని ఆకు చూసి దగ్గరికి వచ్చాడు. పాలమూరు దిక్కు నుంచి వచ్చాడట. వారాలుగా కారులోనే పడుకుంటూ, దొరికింది తింటున్నాడట. వాళ్లమ్మ ఈ కూర వండేదని చెబుతూ ఆకును వేళ్లతో నలిపి వాసన చూశాడు.

"ఇల్లు గీడనే. వచ్చి తిని పో కొడుకా" అంది అత్తమ్మ.

నేను లెక్క వేసుకున్నాను. ఉన్నవి నాలుగు రొట్టెలు. ఇంట్లో ఒక జబ్బు మనిషి, ఒక పసిది. అతను రెండు తిన్నాడు. మా ఆయనకొకటి, పాపకొకటి. నేను, అత్తమ్మ కూర మిగిలింది తిని నీళ్లు తాగాం. అతను వెళ్లాక ఆపుకోలేక అడిగేశాను, మనకే లేనప్పుడు ఇంకొకరిని ఎందుకు పిలిచారని. ఆమెకు కోపం రాలేదు.

"ఆకలైనోన్ని మనింటికి పంపినోడు మనల్ని మర్సిపోతడా?" అంది.

"మర్సిపోతే?"

ఆమె ఖాళీ కంచాలు ఒకదానిలో ఒకటి పెట్టింది. తర్వాత మెల్లగా, "నాకూ భయమే బిడ్డా. భయమైతది గనకనే రోజూ అడుగుత" అంది.

ఆమెకు భయం ఉంటుందని నాకు అంతవరకు తెలియదు. ఆ ఒక్క మాటతో నా కోపం సగం పోయింది.

మరునాడు అద్భుతమేమీ జరగలేదు. అత్తమ్మ పక్కింటికి వెళ్లి, నోరు తెరిచి, గిన్నెడు బియ్యం అడిగింది. నేను సిగ్గుతో గుమ్మం దాటలేదు. దేవుణ్ణి అడిగితే లేని సిగ్గు మనిషిని అడిగితే ఎందుకన్నది ఆమె లెక్క. ఆ పూట గంజి, ఊరగాయ. దాని మర్నాడు పాప వాళ్ల టీచరు, బడి భోజనం వండే ఆమె రాలేదని కబురు చేస్తే నేను వెళ్లి వండి వచ్చాను. ఇద్దరికి సరిపడా అన్నం, సాంబారు చేతికిచ్చి పంపారు. ఇలా ఒక్కో పూట ఒక్కో దారిన గడిచింది. ఏ రోజూ మిగల్లేదు, ఏ రోజూ పూర్తిగా పస్తు లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ డ్రైవరు వచ్చాడు. వెనక ఇంకో ముగ్గురు. చేతిలో జొన్నపిండి సంచి ఉంది.

"అక్కా, పైసలు తీస్కుంటెనే తింటం. రోజూ చేసి పెడ్తవా?" అని నన్నే అడిగాడు.

అత్తమ్మ నా వైపు చూసింది కానీ జవాబు తాను చెప్పలేదు. చేస్తానన్నాను. సంచి అందుకున్నాను.

మొదట్లో రొట్టె నాకు గుండ్రంగా వచ్చేది కాదు, అంచులు విరిగేవి. అత్తమ్మ పక్కన కూర్చుని, పిండిలో వేడినీళ్లు ఎంత పోయాలో, అరచేత్తో ఎలా తట్టాలో నేర్పింది. నలుగురు పదిమందయ్యారు. వానలు పడి విమానాలు ఆలస్యమైన రోజు ఎక్కువమంది వచ్చేవాళ్లు, కొన్ని రోజులు ఇద్దరే. ఇద్దరే వచ్చిన రోజు నాకు గుబులే. అయినా మర్నాడు పొద్దున లేచి పొయ్యి ముట్టించేదాన్ని.

శ్రావణం చివరికి మా ఆయన కళ్లు పసుపు పోయి తెల్లబడ్డాయి. రొట్టెలకు వచ్చే డ్రైవర్లే ఒక కారు వెతికి ఇప్పించారు. మొదటి రోజు బేరం ముగించుకుని, మధ్యాహ్నం ఆయన మిగతావాళ్లతోపాటే మా వసారాలో వరుసలో కూర్చున్నాడు. అత్తమ్మ ముందు వచ్చినవాళ్లకు వడ్డించి, కొడుక్కి చివరన వేసింది. రెండు నెలలు తిండిని చూస్తేనే మొహం తిప్పుకున్న మనిషి రెండు రొట్టెలు తిని, మూడోదానికి కంచం ముందుకు జరిపాడు. నేను తొందరగా ఇంకో ముద్ద పిండి తీసుకున్నాను.