గోలెంలో తమ్ముడి చేప

నిన్న మనవడి ఇంట్లో అద్దాల చేపల తొట్టిని ఇనుప స్టాండు మీద బిగించారు. మేస్త్రీ పైపు కొస నోట పెట్టుకుని నీళ్లు లాగుతుంటే నేనక్కడ కూర్చోలేకపోయాను. వాడిన బొప్పాయి ఆకు కాడను వంచి అట్లాగే నీళ్లు లాగిన సంగతి మీలో ఎవరికైనా గుర్తుందా?

మక్తల్‌లో మా తమ్ముడు వాగులో పట్టిన చేపను మట్టి గోలెంలో పెంచాడు. గోలెం కింద షాబాదు బండలు పేర్చి ఎత్తు చేశాడు. పాత నీళ్లు కాడ గుండా మల్లెచెట్టుకు పోయేవి. ఆ ఎండాకాలం మా బావి ఎండిపోయింది.

"మనుషులకే నీళ్లు లెవ్వు, చేపకేడికెల్లి తెద్దుర? పారబోస్త జూడు" అని అమ్మ రోజూ తిట్టేది.

అంతలో తమ్ముడికి అమ్మవారు పోసింది. ఆ తల్లి ఇంట్లో ఉండగా ఏ ప్రాణమూ తీయొద్దని మా ముసలవ్వ అమ్మను గోలెం ముట్టనివ్వలేదు. తమ్ముడు దక్కలేదు. చేప బతికింది.

ఆ తర్వాత అమ్మే దూరపు బావి నుంచి నీళ్లు మోసుకొచ్చి, నోటితో కాడ పీల్చి, గోలెం నీళ్లు మార్చేది. వానలు పడి వాగు పారాక బాపు మెల్లగా అన్నాడు, "ఇగ దాన్ని ఇడిసిపెడుదమే."

అమ్మ గోలెం అంచు వదల్లేదు.

"వాడొచ్చి 'నా చేపేదమ్మా' అంటే ఏం జెప్పాలె?"