బానెట్ మీద సున్నాలు

మా కారు ముదురు నీలం. అలాంటి రంగు మీద దుమ్మూ కనిపిస్తుంది, గీతలూ కనిపిస్తాయి. కొనేముందు ఆ మాట చెప్పేవాళ్లు మాకెవరూ లేరు. భుయ్యాడీహ్‌లో మా సందుకి అదే మొదటి కారు మరి. నాన్న ఉక్కు కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, కాటన్ వేస్ట్ ముద్ద పట్టుకుని బండి తుడవడానికి దిగేవాడు. కాటన్ వేస్ట్ అంటే యంత్రాలకి అంటిన నూనె తుడిచే నూలు పోగులు. వాడి పారేసినవాటిని నాన్న ఇంటికి తెచ్చి, వేడినీళ్లలో సబ్బేసి ఉతికి, గోడ మీద ఆరబెట్టి, ఖాళీ బిస్కెట్ డబ్బాలో దాచుకునేవాడు. ఎన్నిసార్లు ఉతికినా ఆ పోగుల్లో ఇనుప రజను పోదు. ఆ సంగతి ఆయనకి తెలీదు. తెలిసినా నమ్మేవాడు కాదు.

పొడి దుమ్ము మీదే, నీళ్లయినా చల్లకుండా, గుండ్రంగా సున్నాలు చుట్టినట్టు తుడిచేవాడు. ఏళ్ల తరబడి అలా తుడిచేసరికి బానెట్ నిండా సన్నటి గీతలు పడ్డాయి. ఎండ పడితే బండంతా సాలెగూడు పట్టినట్టుండేది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా బండి నడిపేది నేను. రోజూ అగ్రికోలో స్కూలు బయట, తోటి టీచర్ల తళతళలాడే బండ్ల పక్కన దాన్ని నిలపాల్సింది కూడా నేనే. ఒకరోజు నాన్నకోసం మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు కొనుక్కొచ్చాను. మర్నాడు ఆదివారం. చూస్తే మళ్లీ అదే ముద్ద చేతిలో ఉంది. గీతలు పడుతున్నాయని అరిచాను.

“ఏటే అమ్మా, అద్దంలాగ మెరుత్తంటే గీతలంతావేటి?” అని నవ్వాడు నాన్న.

ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. పెరిగింది హిందీ ఊళ్లో కదా, నాన్నతో కోపంగా మాట్లాడితే నాకు హిందీయే వస్తుంది. “ఆప్ గాడీ కో హాథ్ మత్ లగాయియే” అన్నాను. మీరు బండి మీద చెయ్యే వెయ్యకండి అని. ఎన్నడూ లేంది, ఆయన్ని ఆ రోజు ‘ఆప్’ అన్నాను. పరాయివాళ్లతో అన్నట్టు ఉంది ఆ మాట. నాన్న ముద్దని డబ్బాలో పెట్టి మూతేశాడు. తర్వాత మరెప్పుడూ బండి ముట్టుకోలేదు. నాకప్పుడు అది గెలుపులాగే అనిపించింది. మూడు నెలలకి ఆయన గుండె ఆగిపోయింది.

ఇప్పుడు బండికి పదిహేనేళ్లు నిండుతున్నాయి. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలంటే అధికారులకి బండి చూపించాలి. వాళ్లు దాన్ని తుక్కని తోసేస్తారేమోనని నా భయం. నాన్నకి సంబంధించి మాకు మిగిలింది ఆ బండే. అందుకే ముందు రోజు సెలవు పెట్టి, రంగు మీది గీతలన్నీ నేనే తీసేద్దామనుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ చేసిన పని కాదు. పర్సుడీహ్‌లో పెయింటింగ్ మిస్త్రీ దగ్గర పాలిష్ మిషన్ అడిగి తెచ్చుకున్నాను. “కోనే పే మత్ రోక్‌నా, దీదీ” అని ఒకటే జాగ్రత్త చెప్పాడతను. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, మిషన్ అక్కడ ఆగితే కింది రేకు బయటపడుతుందని.

బండి కడిగాను. ఆరాక నల్ల ప్లాస్టిక్ అంచులకి టేపు అంటించాను. రేకుల షెడ్డు కింద ఫోన్ లైటు వేసి, బానెట్ మధ్యలో అరచెయ్యంత జాగాలో పాలిష్ మందు రాసి మిషన్ ఆన్ చేశాను. తుడిచి చూశాను. కొత్త బండి నీలం. మా బండి అసలు రంగు నేనే మర్చిపోయాను. హుషారొచ్చి బానెట్ అంతా చేశాను, తలుపులు చేశాను, డిక్కీ చేశాను. మందు ఎండి తెల్లటి పొడి బండంతా రాలింది.

ఆఖరికి స్టూలెక్కి టాప్ మీద లైటు వేశాను. కుడివైపు నుంచి సున్నాలు, ఎడమవైపు నుంచి సున్నాలు. మధ్యలో జానెడు మేర ఒక్క గీతా లేదు. ఎందుకా అని కాసేపు చూశాను. నాన్న పొట్టి మనిషి. ఇటు నుంచి ఎంత చాపినా, అటు నుంచి ఎంత చాపినా చెయ్యి అక్కడిదాకా అందేది కాదు.

అప్పుడు వెలిగింది నాకు, పొద్దుట్నుంచి నేను చెరిపేస్తున్నది ఏమిటో. అవి గీతలు కావు. ప్రతి ఆదివారం ఆయన చెయ్యి తిరిగిన జాడలు. బానెట్ మీదివి పోయాయి, తలుపుల మీదివి పోయాయి. టాప్ అయినా వదిలెయ్యాల్సింది. వదల్లేదు. తెల్లారితే బండి చూపించాలన్న భయం ఒకటి, మొదలెట్టిన పని సగంలో ఆపలేని నా పాడు బుద్ధి ఒకటి. ఏడుస్తూనే మిషన్ తిప్పాను. నాన్న చేతిని రెండోసారి నేనే తోసేశాను.

దిగేసరికి సాయంత్రం నాలుగైంది. అమ్మ టీ తెచ్చింది.

“ఏటే ఇది, బండి నిండా పిండి జల్లినట్టు?” అంది. మళ్లీ తనే, “మీ నానుంటే ఈపాటికి తుడిసేసీవోడు” అంది.

నేను అంచులకి అంటించిన టేపు పీకడం మొదలెట్టాను.

“నువ్వు వొద్దన్నకాడ్నించి ఆదివారమొత్తే ఆయనకి తోసీది కాదే. గుమ్మంలో కూకొని బండికేసి సూసీవోడు,” అంది అమ్మ. దెప్పడానికి అన్నది కాదు. ఉన్నమాట అంది, అంతే.

లోపలికెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చింది. నాన్న ఉతికి ఆరబెట్టిన చివరి ముద్ద అందులో ఉంది. అది తీసి, నాన్న లాగే గుండ్రంగా, బానెట్ మీద పొడి తుడవడం మొదలెట్టింది. ఆ పాత హిందీ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. షెడ్డు కిందికి ఏటవాలుగా ఎండ పడుతోంది. మెరిసే నీలం మీద మొదటి సున్నా పడింది. దాని పక్కన ఇంకోటి.

బానెట్ అయ్యాక అమ్మ టాప్ దగ్గరికొచ్చింది. మడమలెత్తి, చెయ్యి చాపి, ఆయాసపడింది.

“నడిమికి అందట్లేదే,” అంది.

“అందకపోతే వదిలీయమ్మా,” అన్నాను, తెలుగులోనే. “నాన్నకీ అందీది కాదు.”