నీటి కింద హద్దురాయి

మెహంగా సింగ్ పొలం ఏటా వానాకాలంలో రెండు నెలలు సట్లెజ్ నదిది. మిగతా పది నెలలు ఆయనది. నలభై ఏళ్లుగా ఈ పంపకంతో విసిగిపోయి, ఈ ఏడు అమ్మేద్దామనుకున్నాడు. కొనడానికి పట్నం నుంచి ఒకాయన వస్తే, కరకట్ట మీద నిలబెట్టి నీళ్లు చూపించాడు.

"హద్దు ఎక్కడ, సర్దార్‌జీ?"

మెహంగా సింగ్ కట్ట మీది తుమ్మచెట్టు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ మెడలోతు నీళ్లలోకి నడిచి, కాలితో తడిమాడు. రాయి దొరికింది. ఉండాల్సిన చోటికి జానెడు ఇవతల దొరికింది.

"ఒరేయ్ దల్బారా, రాయి జరిపావట్రా?"

పడమటి పొలం దల్బారా ఒడ్డున గేదెను కడుగుతున్నాడు. "వరద జరిపుంటుంది బాబాయ్."

"నది పడమటికి పోతుంటే, రాయి తూర్పుకి ఈదిందా?"

"నీ రాయి కదా, నీలాగే ఎదురు తిరిగుంటుంది."

"జానెడేగా, నేను పట్టించుకోనులెండి," అన్నాడు పట్నం ఆయన.

మెహంగా సింగ్ ఒడ్డుకొచ్చి లాల్చీ పిండుకున్నాడు. "పట్టించుకోనివాళ్లకి అమ్మను. లస్సీ తాగి బస్సెక్కండి. నది తీసుకున్నది కార్తీకానికల్లా తిరిగిచ్చేస్తుంది. వీడిస్తాడా?"