పెద్దయ్యకు దొరకని మట్టి

మా ఊళ్లో ఎవరు చనిపోయినా గుంట ఎక్కడ తవ్వాలో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు. అందరూ ఆయన్ని పెద్దయ్య అనేవాళ్లు. రాష్ట్రాల సరిహద్దులో, ఎర్రబోరు దగ్గర పెద్దరోడ్డు దిగి అడవిలోకి నడిస్తే వచ్చే చిన్న ఊరు మాది. పేరు రాయను. రాస్తే మా పెద్దమనుషులు అదికూడా తమకు జరిగిన సన్మానమే అనుకుంటారు. పెద్దయ్య దొర్ల తెగ రైతు. నడివయసులో క్రీస్తును నమ్ముకున్నాడు. రేకుల కప్పు కింద ఏడెనిమిది కుటుంబాలు ప్రార్థన చేసుకునే సంఘానికి ఆయనే పెద్ద. మా నాన్నది ఆ ఊళ్లో కిరాణా దుకాణం, నేను అక్కడి బళ్లోనే మాస్టర్ని.

ఊరి శ్మశానం వాగు పక్కన ఉంది. పైకి నేలంతా ఒకేలా కనిపిస్తుంది గానీ చాలాచోట్ల జానెడు లోతునే బండ తగులుతుంది. పెద్దయ్య గునపంతో రెండుమూడు చోట్ల కొట్టి, చప్పుడు విని, "ఈడ కాదు, జర అటు పోండ్రి" అనేవాడు. సంఘంలో చేరాక కూడా ఆ పని మానలేదు. పోయినవాడు ఏ దేవుడికి మొక్కాడో ఏనాడూ అడగలేదు. మా మొదటి బిడ్డ పుట్టిన పదకొండో రోజున పోయింది. పసిబిడ్డని మావాళ్లు కాల్చరు, పూడ్చిపెడతారు. ఆ చిన్న గుంట ఆయనే తవ్వాడు. నేను చూడలేకపోతుంటే నన్ను వాగు దగ్గరికి పంపేసి, మట్టి కూడా ఆయనే కప్పాడు.

ఆయన విత్తనాలు చల్లే ముందు రోజుల్లో జ్వరంతో పోయాడు. ఆయన భార్యని మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె ఒక్కటే అడిగింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు, వాళ్లు సంఘంలో చేరకముందే చనిపోయి, ఆ శ్మశానంలోనే ఉంది.

"బిడ్డ పక్కన పెట్టుండ్రి. నాకు ఇంకేం వద్దు" అంది.

దానికి ఊరి పెద్దమనుషులు బైఠక్ పెట్టారు. ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఆమె ఎదురుచూస్తుంటే, వీళ్లు ఊరి పటేల్ ఇంటి ముందు మంచాలు వాల్చుకుని కూర్చున్నారు. మా ఊళ్లో విత్తనాల పండుగకి ప్రతి ఇల్లూ గుప్పెడు గింజలు తెచ్చి భూమి తల్లి ముందు కలిపి, మళ్లీ పంచుకుంటారు. సంఘంలో చేరాక పెద్దయ్య ఆ గింజలు తేవడం మానేశాడు.

"ఆ పండుగకి రానోడికి ఈ మట్టి ఎట్ల ఇస్తం? తల్లికి కోపమొస్తే వానలు పడతయా?" అన్నాడు పటేల్.

ఆ పటేల్ తండ్రికి గుంట తవ్వింది పెద్దయ్యే. అక్కడ కూర్చున్నవాళ్లలో ఆయన గునపం అక్కరపడని ఇల్లు లేదు. ఒక్కడైనా నోరు విప్పితే ఒట్టు. ఒకడు బీడీ వెలిగించుకున్నాడు, ఇంకొకడు కాలిగోళ్లు చూసుకున్నాడు. మరొకడు "నాకేం లేదు, ఊరు ఎట్లంటే అట్ల" అన్నాడు. గోడమీది పిల్లులు! తర్వాత ఒక్కొక్కణ్ణీ విడిగా కదిపితే, "ఎవరన్న ఒకరు అంటే నేను గూడ అనేటోణ్ణి" అన్నాడు ప్రతివాడూ. ఇలాంటి మంచివాళ్లంటే నాకు అసహ్యం. చెడ్డవాణ్ణి కనీసం తిట్టొచ్చు.

పటేల్ నావైపు తిరిగాడు. "మాస్టరూ, చదువుకున్నోడివి, నువ్వేమంటవు?"

ఊరు అలిగితే దుకాణం మూతపడుతుందని ఎప్పుడూ భయపడే మా నాన్న నా పక్కనే కూర్చున్నాడు. నేను ఆయన వైపు చూసి, "పెద్దలు మీరే ఆలోచించి చేయండి" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

ఊరి మట్టి ఇవ్వకూడదని తేల్చారు. సంఘంవాళ్లు ట్రాక్టర్ మాట్లాడుకుని, కోంటా దాటి, శబరి వంతెన మీదుగా అవతలి రాష్ట్రంలో తమకు తెలిసిన ఇంకో సంఘం శ్మశానానికి ఆయన్ని తీసుకుపోయారు. దారి మా శ్మశానం ముందునుంచే. పెద్దమ్మ ట్రాలీలో ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది. శ్మశానం దాటేదాకా తల ఎత్తలేదు.

నెల తర్వాత సంఘం పెద్దయ్య జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టింది. వాళ్ల పాస్టరుగారి మనసు గొప్పది, ఊరందరినీ పిలిచారు. సిగ్గులేకుండా అందరూ వచ్చారు! షామియానా, మైకు, ఇస్త్రీ చొక్కాలు. "పెద్దయ్య అసొంటి ఆద్మీ మళ్ల పుట్టడు. మా నాయనకి ఆయనే గుంట తవ్విండు" అని పటేల్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. అతని తర్వాత ఒకడిని మించి ఒకడు పొగిడాడు. వెనక కూర పొయ్యి మీంచి దిగాక మాత్రం ప్రసంగాలు చిన్నవయ్యాయి.

అప్పుడు పెద్దమ్మ లేచింది. మైకు దగ్గరికి రాలేదు.

"ఈ మాటలు ఆ దినం అంటే, నా మనిషి బిడ్డ పక్కనే ఉండేటోడు గదయ్యా. ఆ దినం ఎందుకనలేదు?" అంది.

ఆమె కూర్చుంది. ఏం చేయాలో తోచక పాస్టరుగారు జాబితా చూసి, తర్వాతి పేరు పిలిచారు. అది నా పేరు. రెండు రోజులు కూర్చుని రాసిన కాగితం జేబులో ఉంది, అన్నీ మంచి మాటలే. పెద్దమ్మ నా ఎదురుగానే ఉంది. మైకు అందుకుని, ఒక్క మాట వదలకుండా మొత్తం చదివాను.

భోజనాల దగ్గర పటేల్ నా భుజం తట్టి, "మస్తు చెప్పినవ్ మాస్టరూ" అన్నాడు.