ఇవ్వని మూడు పాఠాలు

ఆ ల్యాబులో ఉన్నవి: కంప్యూటర్లు నాలుగు, పనిచేసేవి రెండు. గురగురలాడే యూపీఎస్ ఒకటి. కిటికీ అవతల సిల్వర్ ఓక్ చెట్లు, మంచు. మనుషులం ఇద్దరం, నేనూ దమయంతీ. నా జేబులో ఒక పెన్‌డ్రైవ్. ఎనిమిదేళ్లుగా ఆ గదిని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. ఆమె అసలు పేరు దమయంతి కాదు.

అరకు లోయలో డిప్లొమా రెండో ఏడాది. సొంతంగా ఒక చిన్న కంప్యూటర్ గేమ్ చేయాలని ఇద్దరికీ కోరిక. బాగా చేసిన ఒక్కరినే విశాఖలో శిక్షణకు పంపుతామన్నారు మా లెక్చరర్. లైబ్రరీలో దొరికిన ఒకే ఒక్క పుస్తకం మాకు కొరుకుడు పడలేదు. కొండ మీద నెట్ అందేది కాదు. శనివారాలు నేను సాలూరులో మా ఇంటికి దిగేవాణ్ణి. అక్కడ వెతగ్గా వెతగ్గా, మొదటి గేమ్ ఎలా చేయాలో తెలుగులో ఓపిగ్గా చెప్పిన వీడియో పాఠాలు దొరికాయి. మొత్తం పదకొండు. వారానికి కొన్ని చొప్పున తెచ్చి ఆమెకూ ఇస్తానన్నాను.

ఆమెది కాఫీ తోటల ఊరు. ఆమె గేమ్‌లో పైనుంచి ఎర్రటి కాఫీ పళ్లు రాలాలి, కింద బుట్టను జరుపుతూ పట్టుకోవాలి. నాది కారు, రోడ్డు. నాలుగో పాఠానికే ఆమె పళ్లు రాలుతున్నాయి. నా కారు కదల్లేదు. అసూయ అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు దానికి ఏ పేరు పెట్టుకున్నాను? ఏ పేరూ పెట్టుకోలేదు, అందుకే చేయగలిగానేమో.

ఆమెకు ఎనిమిదే ఇచ్చాను. ఒక బొమ్మ ఇంకో బొమ్మకు తగిలిందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుందో చెప్పేది తొమ్మిదోది.

"పళ్లు బుట్టలోంచి జారిపోతన్నాయి. తర్వాత పాఠం ఏటి?" అంది.

"అంతే. అయిపోయాయి."

"అయిపోడమేటి? పండు తగిలినట్టు బుట్టకెలాగ తెలుస్తాది మరి?"

"అది మనమే ఆలోచించుకోవాలి."

ఆమె నవ్వింది. "మాయమ్మ సూస్తే అడుగు లేని బుట్ట ఎవులల్లారే అంటాది. నా బుర్ర సాలదు గానీ, సాలూరు గుంటడివి, నువ్వు సేసెయ్."

నవ్వింది గానీ వదల్లేదు. వారం రోజులు కాగితాల మీద గళ్లు గీసి లెక్కలు వేసింది. పక్క కంప్యూటర్ ముందు కూర్చుని చూశాను. ఆ వారంలో ఏ క్షణమైనా నోరు తెరవచ్చు. తెరవలేదు. చివరికి లెక్చరర్‌తో తనకు రాదని చెప్పేసింది. మిగతా పాఠాలతో నా కారు అప్పటికి కదిలింది. నన్ను పంపారు. ఇవాళ్టి నా ఉద్యోగం అక్కడ మొదలైందే. ఇప్పటికీ పనిలో తెర మీద ఏదైనా దేన్నైనా దాటి జారిపోతే, నాకు ఎర్ర పళ్లు కనిపిస్తాయి.

మొన్న చలికాలంలో మారేడుమిల్లి వెళ్తే, దిగిన లాడ్జిలో ఆమె పనిచేస్తోంది. టీ తెప్పించింది. తన కోసం సాలూరు నుంచి పాఠాలు మోసుకొచ్చేవాడినని తోటివాళ్లకు గొప్పగా చెప్పింది. కంప్యూటర్ తనకు అచ్చిరాలేదని కూడా అంది. నేను టీ తాగాను. కప్పు తిరిగి ఇచ్చాను.

పెన్‌డ్రైవ్ నిండిపోయింది, మిగతావి మరిచిపోయాను అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిండలేదు. ప్రతి ఫైలు పేరులోనూ మొత్తం పదకొండు అని ఉండేది. ఆమె గమనించకముందే, ల్యాబులో అప్పటికే ఇచ్చినవాటితో సహా ఒక్కొక్కటే పేరు మార్చాను. మరిచిపోయేవాడు పేర్లు మారుస్తాడా?

ఇంకొకటి ఉంది. దీన్ని నాకు నేను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎనిమిదో పాఠం చివర ఆ పాఠాలు చెప్పినాయన, బొమ్మలు తగిలితే ఏం చేయాలో తర్వాతి పాఠంలో చూద్దాం అంటాడు. ఆమెకిచ్చిన వీడియోలోంచి ఆ మాట కోసేశాను. కోసి, రెండుసార్లు నడిపి సరిచూసుకున్నాను.

ఇది రాశాక ఊపిరి కొంచెం సాఫీగా ఆడుతోంది, నాకు. ఆమెకు మాత్రం ఇప్పటికీ తన బుర్రే చాలలేదు.

కోసిన ముక్క నిడివి ఏడు సెకన్లు.